పరదా ఎక్కడ కట్టాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

దేశం నలుమూలల కళాసంఘాల బాధ్యులు ఒకచోట కూడి, కళల వల్ల ఊరు ఎట్లా బలపడుతుందో రెండు మూడు రోజులు మాట్లాడుకునే జాతీయ సదస్సుల గురించి పోయిన సంచికలో రాశాం. దాని మీద అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచి ఉత్తరాలు వచ్చాయి. సదస్సుకు పోయేవాళ్లు అడిగినవి కొన్ని, ఊర్లో ఉండి పని చేసేవాళ్లు అడిగినవి కొన్ని. రెండో రకం ఉత్తరాలకే ఎక్కువ చోటు ఇచ్చాం. సదస్సులో చెప్పుకోవడానికి సరుకు తయారయ్యేది అక్కడే గదా.

*

ప్రశ్న: మా చెక్కభజన సంఘం నుంచి ఇద్దరిని ఢిల్లీ సదస్సుకు రమ్మన్నారు. పన్నెండు నిమిషాలు మాట్లాడాలంట. హిందీ, ఇంగ్లీషు మాకు అంతంత మాత్రమే. ఏం చెప్పాల? ఎట్లా తయారు కావాల?
– అనంతపురం

జవాబు: తెలుగులోనే మాట్లాడండి. అనువదించే మనిషిని ఏర్పాటు చేయమని ఒప్పుకునేటప్పుడే అడగండి, ఇది మొహమాటపడే విషయం కాదు. అయితే అనువాదానికి సగం సమయం పోతుంది. పన్నెండు నిమిషాలంటే మీ చేతికి దక్కేది ఆరు నిమిషాలు. నిదానంగా మాట్లాడితే నిమిషానికి తొంభై, వంద మాటలు దొర్లుతాయి. కాబట్టి మీ ప్రసంగం ఆరు వందల మాటలు దాటకూడదు. కాగితం మీద రాసుకుని, పెరట్లో నిలబడి గడియారం పెట్టుకుని మూడుసార్లు చదివి చూడండి.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ‘మా కళ అతి ప్రాచీనమైనది, పురాణాల కాలం నుంచి ఉంది’ అని మొదలుపెడతారు. దేశంలోని ప్రతి బృందమూ అదే మాట చెబుతుంది. నాలుగో మనిషి చెప్పేసరికి వినేవాళ్ల చూపు ఫోన్ల మీదకి పోతుంది. మీరు ఒక ఊరు, ఒక ఏడాది తీసుకోండి. ఏ ఊర్లో నేర్పారు, ఎంతమంది చెక్కలు పట్టారు, ఏ వాడ నుంచి వచ్చారు, ఎవరి ఇంటి ముందు సాధన చేశారు, మధ్యలో ఎందుకు ఆగింది, మళ్లీ ఎట్లా మొదలైంది. ఆగిపోయిన సంగతి దాచొద్దు. సభలో పక్క రాష్ట్రం మనిషి తన ఊరిని గుర్తుపట్టేది సరిగ్గా అక్కడే. చివరి నిమిషంలో మీకు ఏం కావాలో అడగండి. ‘ఆదుకోవాలి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘ఒక గురువుకు రెండేళ్లు నెలనెలా జీతం కావాలి, నలభై జతల చెక్కలు కావాలి’ అంటే రాసుకుంటారు.

ఫోటోలు ఐదు చాలు. అందులో మూడు జనానివి ఉండాలి, వేదికవి కాదు. రచ్చబండ, చావిడి, గుండం, పీరు, గజ్జె లాంటి మాటలు పది రాసి, ఒక్కొక్కదానికి ఒక వాక్యం అర్థం చేర్చి ముందురోజే అనువాదకుడికి ఇవ్వండి. ఆ మాటల్ని మార్చకుండా అట్లాగే పలకమని చెప్పండి.

ఆట చూపించమంటే తొంభై సెకన్లు చూపించండి. మూసిన హాల్లో చెక్కల బిళ్లలు చెవులు చిల్లులు పడేటట్టు మోగుతాయి, పాట వినపడదు. పాడే మనిషికి ఒక్కరికే మైకు ఇచ్చి, చెక్కలకు మైకే పెట్టకపోవడం మంచిది.

*

ప్రశ్న: ఇట్లాంటి పెద్ద సదస్సుల వల్ల ఊర్లకు నిజంగా ఏమైనా ఒరుగుతుందా? మేము చూసినంతలో శాలువాలు, ఫోటోలే.
– కడప

జవాబు: ఒరిగిన సందర్భాలున్నాయి. 1943 మే నెలలో బొంబాయిలో దేశంలోని నాటక, సంగీత కళాకారులు కూడి ఇప్టాను (భారతీయ ప్రజా నాటక సంఘాన్ని) నెలకొల్పారు. ఆ ఊపులోనే తెలుగునాట ప్రజానాట్యమండలి వచ్చింది. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చెప్పుకునే బుర్రకథ, కరువు మీదా భూమి మీదా చెప్పే కథగా మారి వేలమంది ముందుకు వచ్చింది. 1956లో సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో నాటకరంగం మీద సెమినార్ జరిపినప్పుడు, కొత్త నాటకం మన జానపద రూపాల వైపు చూడాలా వద్దా అన్నది గట్టిగా చర్చకు వచ్చింది. సమావేశం నుంచి మనుషులు ఒక పని పట్టుకుని ఊరికి వెళ్తే ఫలితం ఉంటుంది. తీర్మానాల కాగితం మాత్రమే పట్టుకుని వెళ్తే మీరు చూసినట్టే శాలువాలతో సరి.

మీ జిల్లా ఉదాహరణే చూడండి. 1885లో మీ సురభి గ్రామంలో వనారస కుటుంబం వాళ్లు ‘కీచకవధ’ ఆడారు. అంతకుముందు వాళ్లు తోలుబొమ్మలాట ఆడించేవాళ్లు. అది ఒక పెళ్లి సందర్భంలో జరిగిన ఆట. ఏ సదస్సూ దానికి పూనుకోలేదు. సురభి నాటక సమాజాలు అక్కడి నుంచి పుట్టుకొచ్చాయి. కాబట్టి సదస్సు లేకపోతే కళ బతకదని అనుకోవద్దు, సదస్సు దండగ అనీ అనుకోవద్దు. వెళ్లినవాళ్లు పదిహేను రోజుల్లోగా ఊర్లో కూర్చుని ఏం విన్నారో తెలుగులో చెప్పాలన్న షరతు పెట్టి పంపండి. ఆ షరతుకు ఒప్పుకోని మనిషిని పంపకండి.

*

ప్రశ్న: నిమ్మలకుంట బృందాన్ని పిలిపించి మా ఊర్లో తోలుబొమ్మలాట ఆడించాలని యువకులం అనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాల?
– ధర్మవరం దగ్గరి పల్లె

జవాబు: మంచి పని. నిమ్మలకుంట మీకు దగ్గర కూడా. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దీపాల గూళ్లు, గోడకు తగిలించుకునే బొమ్మలు చేసి అమ్మడం వల్ల ఆ ఇళ్లు నడుస్తున్నాయి కానీ రాత్రి ఆట ఆడించే అవకాశాలు తగ్గాయి. మీరు ఆటకు పిలుస్తున్నారు, అందుకే ఈ జవాబు కొంచెం పొడుగ్గా ఇస్తున్నాం.

తేదీ మాట్లాడే ముందు ఊర్లో మూడు చూసుకోండి: చీకటి, గాలి, కరెంటు. పౌర్ణమికి ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు వదిలేయండి. పరదాకు దగ్గర్లో వీధి దీపం ఉంటే బొమ్మల రంగులు వెలవెలబోతాయి. అట్లాంటి స్తంభాల దీపాలు ఆట అయ్యేదాకా ఆర్పించమని పంచాయతీలో ముందే చెప్పి పెట్టుకోండి.

గాలి సంగతి మన జిల్లాలో తేలిగ్గా తీసుకోకూడదు. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి బలంగా వీస్తుంది. ఆ నెలల్లో పరదాను తూర్పుకో పడమరకో తిప్పి కడితే గాలి నేరుగా కొట్టి తెరచాపలాగా ఉబ్బుతుంది, బొమ్మ గుడ్డకు ఆనదు. బొమ్మ గుడ్డకు ఆనకపోతే గీత మసకబారుతుంది. ఉత్తరానికో దక్షిణానికో చూసేట్టు కడితే గాలి పరదా పక్కగా జారిపోతుంది.

పరదాకు తెల్ల నూలు గుడ్డే వాడండి. పాలిస్టరు మెరుస్తుంది, బొమ్మ దాని మీద జారుతుంది. పన్నెండు అడుగుల పొడవు, ఆరు అడుగుల ఎత్తు ఉంటే మనిషంత బొమ్మలకు సరిపోతుంది. కింద రెండున్నర, మూడు అడుగుల మేర నల్ల కంబళి కట్టాలి, ఆడించేవాళ్ల కాళ్లు కనపడకుండా. పైకొన జానెడు మేర జనం వైపు వాలి ఉండాలి. నిట్టనిలువుగా కడితే బొమ్మ దానంతట అది గుడ్డకు ఆనుకోదు, ఆడించే మనిషి రెండు చేతులూ అదిమిపెట్టడానికే సరిపోతాయి. వాలు ఉంటేనే రాముడి కొలువులో నిలబడి ఉండే బొమ్మల్ని ఈతముల్లుతో గుడ్డకు గుచ్చి వదిలేసి, హనుమంతుణ్ని ఆడించగలుగుతారు. బృందం వాళ్లే కట్టుకుంటారు, మీరు గుంజలు, మోకులు, నలుగురు మనుషుల్ని సిద్ధంగా ఉంచండి.

వెలుతురు దగ్గరే ఎక్కువ చెడుతుంది. వెనకటికి ఆముదం దీపాలు. ఆ మంట కదులుతుంటే బొమ్మ ఊపిరి పీల్చినట్టుండేది. ఇప్పుడు పాతరకం 200 వాట్ల బల్బులు రెండు ఆ పని చేస్తాయి. 500 వాట్ల హాలోజన్ పెడతామని టెంటు వాళ్లు అంటారు, ఒప్పుకోవద్దు. దాని వేడికి మేకతోలు ముడుచుకుపోతుంది, అంచులు వంకర తిరుగుతాయి. ఎల్‌ఈడీ తప్పనిసరైతే పసుపు వెలుతురుది, 2,700 నుంచి 3,000 కెల్విన్ అని అట్ట మీద రాసినది తీసుకోండి. ట్యూబ్‌లైట్‌లాంటి తెల్ల ఎల్‌ఈడీ కింద ఎరుపు చచ్చిపోయినట్టు కనపడుతుంది. దీపాలు ఎక్కువైతే వెలుగు పెరిగిందని సంతోషించకండి. ఒక్కో దీపానికి ఒక్కో నీడ పడి, రావణాసురుడి పది తలలు ముప్పై అవుతాయి.

జనరేటర్ పెడితే నూరు అడుగుల దూరంలో, గాలి పోయే వైపు పెట్టండి. హార్మోనియం, మద్దెల, తాళాలతో పాటు కాలికింద చెక్కపలకలు తొక్కి యుద్ధం చప్పుడు చేస్తారు. జనరేటర్ రొదలో అది వినపడకపోతే సగం ఆట పోయినట్టే.

మొదటి వరుస పరదాకు ఎనిమిది అడుగుల దూరంలో, చివరి వరుస నలభై ఐదు అడుగుల్లోపు. రెండు వందల మంది హాయిగా చూస్తారు. అంతకు మించి వస్తారనిపిస్తే పెద్ద ఎల్‌ఈడీ తెర అద్దెకు తేవొద్దు, రెండో రాత్రి కూడా ఆడించండి. పక్కన తెర వెలిగిందంటే బొమ్మ మీద చూపు నిలవదు.

రాత్రంతా ఆడే ఆటను రెండున్నర గంటల్లో ఇరికించమంటే రామాయణం మొత్తం పరుగెత్తించాల్సి వస్తుంది. లంకాదహనమో, మైరావణ చరిత్రో ఒక్క ఘట్టం అడగండి. నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తప్పకుండా ఉండాలని చెప్పండి. ఊరి సంగతులు కలిపి మాటలు విసిరేది వాళ్లే. ఊర్లో నీళ్ల ట్యాంకు గొడవో, బడి గోడ సంగతో సాయంత్రం బృందం పెద్దాయన చెవిన వేస్తే, రాత్రికి బంగారక్క నోట పలుకుతుంది. మనిషి పేరు మాత్రం ఇవ్వొద్దు. ఒక మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేస్తే ఆ కుటుంబం మళ్లీ ఆటకు రాదు.

డబ్బు విషయం ముందే తేల్చుకోండి. పారితోషికం వేరు, బండి ఖర్చు వేరు, భోజనం వేరు. సగం మాట్లాడుకున్న రోజే ఇవ్వండి, మిగతా సగం ఆట అయిన రాత్రే, వాళ్లు బొమ్మలు పెట్టెలో సర్దుకునే ముందే ఇవ్వండి. ‘చందాలు వసూలు కాలేదు, వారంలో పంపిస్తాం’ అన్న మాట చాలా బృందాల్ని ఊర్లకు దూరం చేసింది.

మర్నాడు పొద్దున బడిపిల్లలకు బొమ్మ చేయించాలనుకుంటే తోలుతో కాదు, డ్రాయింగు షీటుతో చేయించండి. ముందు గీసి, రంగులు వేసి, ఆరనిచ్చి, తర్వాత వెనకవైపు గుడ్డతో ఆముదం రుద్దాలి. మరుసటి రోజుకు వెలుతురు పారుతుంది. ముందే నూనె రాస్తే రంగు అంటదు, చాలా బడుల్లో ఇక్కడే చెడుతుంది. ముప్పై మంది పిల్లలకు ముప్పై సగం షీట్లు, పావు లీటరు ఆముదం, చీల్చిన వెదురు బద్దలు, దారం, గుచ్చడానికి మేకులు చాలు. భుజం, మోచెయ్యి కీళ్ల దగ్గర దారం ముడి కొంచెం వదులుగా వేయించండి. బిగిస్తే చెయ్యి ఆడదు.

*

ప్రశ్న: మా ఊర్లో ఏ కార్యక్రమం పెట్టినా రెండు వీధుల జనమే వస్తారు. అందరినీ పిలుస్తాం, దండోరా వేయిస్తాం. అయినా కాలనీ వాళ్లు రారు, ముస్లిం ఇళ్ల ఆడవాళ్లు రారు. ఏం లోపం?
– రాప్తాడు వైపు

జవాబు: లోపం పిలుపులో లేదు, చోటులో ఉంది. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిట్లో మేము ముఖ్యమనుకున్న ప్రశ్న ఇదే. జాతీయ సదస్సుల్లో ‘కమ్యూనిటీ’ అనే మాట రోజుకు వందసార్లు వినపడుతుంది. ఊర్లో ఆ మాటకు అర్థం తేలేది మనం చాప ఎక్కడ పరిచాం అన్నదాన్ని బట్టే.

ఊరి పటం ఒక కాగితం మీద గీయండి. గుడి అరుగు, రచ్చబండ, పీర్ల చావిడి, బడి మైదానం, పాలకేంద్రం, కాలనీ నడిమి ఖాళీ గుర్తు పెట్టండి. ఒక్కోచోట ఎవరు మామూలుగా కూర్చుంటారో, ఎవరు తల వంచుకుని దాటిపోతారో పక్కన రాయండి. గుడి ముందు పెడితే కొందరు వెనక నిలబడి చూసి పోతారు. రచ్చబండ దగ్గర ఆడవాళ్లు కూర్చోరు. బడి మైదానం అందరిదీ కానీ ఊరి చివర ఉంటుంది, రాత్రి తొమ్మిదిన్నరకు చీకట్లో పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగి రావాలంటే ఆడవాళ్లు వెనకాడతారు. ఈ కాగితం రాసేటప్పుడు మగవాళ్లు ఒక్కరే రాస్తే తప్పులు పడతాయి. ఒక ఆశా కార్యకర్తనో, పొదుపు సంఘం లీడర్‌నో కూర్చోబెట్టుకోండి.

ఆ తర్వాత మూడు రాత్రుల కార్యక్రమం వేసుకుని చోటు మార్చండి. మొదటి రాత్రి కాలనీలో పెట్టండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. మొదటి రాత్రి ఊరి నడుమ పెట్టి, మూడో రాత్రి కాలనీలో పెడితే అప్పటికి ఊరిజనానికి చూసే ఉత్సాహం తీరిపోయి ఉంటుంది, కాలనీకి ఎవరూ రారు. మొదటిది అక్కడ పెడితే, చూడాలన్నవాళ్లు అక్కడికి నడిచి రావాల్సిందే.

కుర్చీలు వేయొద్దు. కుర్చీ వేసిన మరుక్షణం ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మొదలవుతుంది. ముసలివాళ్లకు, కాళ్లు ముడవలేనివాళ్లకు పక్కన ఒక వరుస వేసి, మిగతా అందరికీ చాపలు, పట్టలు. వేదిక మీద అతిథులు వద్దు. సర్పంచి అయినా చాప మీదే.

పనులు కూడా వీధివీధికీ పంచండి. ఒక వీధి గుంజలు, మోకులు. ఒక వీధి తాగునీళ్లు. ఒకరు సంగటి, చెనక్కాయల ఊరిమిండి (పచ్చడి). ఇంకొకరు మర్నాడు ఊడ్చే పని. చూడటానికి రానివాళ్లు కూడా పని ఉంటే వస్తారు, పనికి వచ్చినవాళ్లు కూర్చుని చూస్తారు. ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. డప్పు, ఉరుము వాయించే కళాకారుల్ని పిలిచి, వాళ్లకు వేరేచోట ఆకులు వేసి వడ్డించే ఊర్లు ఇంకా ఉన్నాయి. బృందానికి భోజనం అందరితో కలిసి ఒకే పంక్తిలో పెట్టలేకపోతే, ఆ ఏడాది కార్యక్రమం ఆపండి. ముందు ఆ పంక్తి సంగతి మాట్లాడుకోండి.

సీమలో కలిసి కూర్చున్న చోట్లు లేవా అంటే ఉన్నాయి. ఉగాది రోజు దేవుని కడప వెంకన్న దగ్గరికి ముస్లిం కుటుంబాలు టెంకాయలు పట్టుకుని పోతాయి. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల దగ్గర మొక్కు తీర్చుకునే హిందువులు లెక్కలేనంతమంది. అక్కడ ఎవరూ ‘సమైక్యత’ అని బ్యానరు కట్టలేదు. ప్రతి కుటుంబానికీ అక్కడ చేయవలసిన పని ఒకటి ఉంది, తరతరాలుగా ఉంది. మీ కార్యక్రమంలో అట్లాంటి పని కల్పించడానికే ఇంతా చెప్పింది.

*

ప్రశ్న: పీర్ల పండుగను వీడియో తీసి సదస్సులో చూపిద్దామనుకుంటున్నాం. తప్పేమైనా ఉందా?
– నార్పల

జవాబు: పీర్లను చూసుకునే ముజావర్లను, ఊరి పెద్దలను ముందుగా అడిగి, ఏం తీయొచ్చో ఏం తీయకూడదో వాళ్ల నోటితోనే చెప్పించుకుని తీయండి. ఒంటి మీదికి పీరు వచ్చినవాళ్ల ముఖాలు, ఏడ్చేవాళ్ల ముఖాలు దగ్గరగా తీయొద్దు. గుండం చుట్టూ ఆడేటప్పుడు డ్రోను ఎగరేస్తే దాని గాలికి నిప్పు రేగుతుంది, జనం తల ఎత్తి చూస్తూ ఒకరి మీద ఒకరు పడతారు. తీసిన వీడియో మొదట ఊర్లో చావిడి ముందు చూపించండి. వాళ్లు వద్దన్న ముక్కలు తీసేశాకే బయటికి.

ఇంకో సంగతి. పీర్ల పండుగ జరిగే మొహర్రం చాంద్రమానం ప్రకారం ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో పదో రోజు జులై తొలివారంలో పడింది, చెనక్కాయ విత్తే అదనులో. ఇంకొన్నేళ్లు ఎండాకాలం వైపు జరుగుతూ పోతుంది. అందుకే ‘ప్రతి ఏడాదీ ఫలానా తేదీన’ అని సదస్సు వాళ్లకు రాసి ఇవ్వొద్దు.

*

ప్రశ్న: కోలాటం, చెక్కభజన నేర్పేకి గురువును తెచ్చుకుంటాం. నెల తిరక్కుండానే పిల్లోళ్లు బెంగళూరు పొయ్యేది, ఆగిపొయ్యేది. మూడుసార్లు ఇట్లే అయింది.
– కళ్యాణదుర్గం

జవాబు: ఏ నెలలో మొదలుపెట్టారో మీరు రాయలేదు కానీ, వాన కురిశాక మొదలుపెట్టి ఉంటారనిపిస్తుంది. జూన్, జులైలో విత్తనం, అక్టోబరు, నవంబరులో కాయ పెరకడం. ఈ రెండింటి నడుమ కలుపు. ఆ రోజుల్లో సాయంత్రానికి ఒంట్లో ఓపిక ఉండదు. కాయ ఇంటికి చేరాక, పని వెతుక్కుంటూ బస్సెక్కకముందు ఒక సందు ఉంటుంది. నవంబరు చివర మొదలుపెట్టి సంక్రాంతికి గజ్జె కట్టించి తొలి ఆట ఆడించేట్టు నలభై ఐదు రోజులు వేసుకోండి. గజ్జె కట్టే రోజు ముందే నిర్ణయించి, ఆరోజుకు పక్క ఊరి బృందాన్ని పిలిచి ఉంచండి. తేదీ నెత్తి మీద ఉంటే పిల్లోళ్లు కూడా ఆ రోజుదాకా ఉండి, ఆ తర్వాతే ఊరు విడుస్తారు.

ఇరవై మందితో ఆట కట్టాలంటే ముప్పై ఇద్దరికి నేర్పండి. పన్నెండు మంది పోతారనే లెక్క వేసుకోవాలి. ఊర్లోనే ఉండే ఇద్దరికి, ముఖ్యంగా పెళ్లయి ఈ ఊరికి వచ్చిన కోడళ్లలో పాడగలిగినవాళ్లకు పాటలన్నీ పూర్తిగా నేర్పించండి. పోయినవాళ్లు పండక్కి తిరిగి వచ్చినప్పుడు అందించేది వాళ్లే. గురువు పాటను ఫోన్లో దాచుకోవడం మంచిదే. కానీ అడుగు వీడియో చూసి నేర్చుకుంటే కుడి ఎడమ తారుమారు అవుతుంది, తీసేటప్పుడు గురువు వెనక నిలబడి తీయండి.

*

ప్రశ్న: మాది పేరులేని చిన్న బృందం. సర్కారు సాయం తెచ్చుకునేకి దారి ఏది?
– ఆదోని

జవాబు: మొదట పేరు పెట్టుకోండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకోవచ్చు. ఏడుగురూ ఒకే ఇంటివాళ్లయితే తర్వాత గ్రాంటు అడిగినప్పుడు ప్రశ్నలు వస్తాయి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టించండి. కేంద్రం గ్రాంట్లకు ఎన్‌జీవో దర్పణ్‌లో (స్వచ్ఛంద సంస్థల కోసం కేంద్రం నడిపే వెబ్‌సైటులో) నమోదు, ఆడిట్ అయిన లెక్కలు అడుగుతారు. అందుకే సాయం వచ్చినా రాకపోయినా మొదటి ఏడాది నుంచే లెక్కలు ఆడిట్ చేయించండి.

మన రాష్ట్రం తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలోకి వస్తుంది. ఈ మండల కేంద్రాల గురుశిష్య పరంపర పథకంలో గురువుకు నెలకు 7,500, వాద్య సహకారికి 3,750, శిష్యుడికి 1,500 రూపాయల చొప్పున ఇస్తారు. అంతరించిపోతున్న కళలకు ముందు చోటు. దరఖాస్తులో ‘జానపద కళ’ అని రాసి వదిలేస్తే తిరిగి వస్తుంది. వాద్యం పేరు, అది ఎవరు ఎప్పుడు వాయిస్తారు, ఇప్పుడు మీ మండలంలో వాయించగలవాళ్లు ఎందరు మిగిలారు అన్నవి లెక్కతో రాయండి. పంపే ముందు అప్పుడు అమల్లో ఉన్న నియమాలు, మొత్తాలు కేంద్రాన్ని అడిగి సరిచూసుకోండి.

బృందంలో వయసు మళ్లినవాళ్లుంటే విడిగా చూడండి. రాష్ట్రంలో డప్పు కళాకారులకు 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. 60 ఏళ్లు దాటిన కళాకారులకు కేంద్ర సంస్కృతి శాఖ సాయం కూడా ఉంది, దానికి ఆదాయ పరిమితి ఉంటుంది. దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ఒకచోటే: ఆధార్‌లో ఉన్న పేరు, కరపత్రాల్లో ఉన్న పేరు వేరువేరుగా ఉండటం. పిలుపు పేరుతో కరపత్రం వేసినప్పుడు ఆధార్ పేరు కూడా పక్కన అచ్చు వేయించండి.

*

ప్రశ్న: డప్పులు, ఉరుములు తీసుకుని రైల్లో పోవాల. సామాను ఎంతవరకు ఒప్పుకుంటారు?
– తాడిపత్రి

జవాబు: స్లీపర్‌లో మనిషికి 40 కిలోలు, సెకండ్ క్లాసులో 35 కిలోలు ఉచితం. పెట్టె కొలత పొడవు 100, వెడల్పు 60, ఎత్తు 25 సెంటీమీటర్లు దాటకూడదు. డప్పు ఆ వెడల్పులో పడుతుంది. ఉరుము పొడవుగా, ఎత్తుగా ఉంటుంది కాబట్టి బెర్తు కింద దూరదు. ముందురోజే స్టేషన్‌కు పోయి బ్రేక్ వ్యానులో (రైలుకు ఉండే సామాన్ల బోగీలో) బుక్ చేసుకోండి. తోలుబొమ్మల పెట్టె కూడా అంతే. ఢిల్లీకైతే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ధర్మవరం, అనంతపురం, గుంతకల్లులో ఆగుతుంది, రెండు రాత్రుల ప్రయాణం. సదస్సుకు ఒకరోజు ముందు చేరేట్టు చూసుకోండి. చర్మానికి కొత్త ఊరి గాలి పట్టడానికి ఆ ఒక్కరోజు కావాలి.

ఆడిటోరియంలో డప్పు కాచుకోవడానికి నిప్పు పెట్టనివ్వరు. పొగ తగిలితే అలారం మోగుతుంది. ప్రదర్శనకు పది నిమిషాల ముందు ఆరుబయట కాచుకుని, దుప్పట్లో చుట్టి లోపలికి తీసుకురండి. ఏసీ హాల్లో అరగంటకు మించి బిగువు నిలవదు, అందుకే మీ వంతు ఎప్పుడో గట్టిగా కనుక్కోండి. ఒక ఫైబర్ డప్పు వెంట ఉంచుకోవడం మంచిది, అయితే ముందు వరుసలో తోలు డప్పులే ఉండాలి.

*

ప్రశ్న: మైకు రాత్రి ఎంతవరకు పెట్టుకోవచ్చు?
– ప్రొద్దుటూరు

జవాబు: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా 12 గంటల దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. పోలీసు అనుమతి కాగితం మైకు సెట్టు దగ్గరే పెట్టుకోండి.

*

ప్రశ్న: ‘మీ కార్యక్రమం వల్ల ఊర్లో ఏం మారింది, లెక్కలు చూపించండి’ అని సదస్సు నిర్వాహకులు ఫారం పంపారు. వచ్చిన జనం సంఖ్య తప్ప మా దగ్గర ఏమీ లేదు.
– కర్నూలు

జవాబు: జనం సంఖ్య రాయండి, కానీ దాని మీదే ఆధారపడకండి. సినిమా నటుడు వస్తే పదివేల మంది వస్తారు, మర్నాటికి ఏమీ మిగలదు. ఒక నూరు పేజీల నోటుపుస్తకం తీసుకుని ఐదు గళ్లు గీయండి. ఎవరు ఏ పని చేశారు. ఏ వీధి నుంచి. ఇంతకుముందు ఎప్పుడైనా చేశారా. ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చారా. వాళ్లంతట వాళ్లు కొత్తగా ఏమైనా మొదలుపెట్టారా. ఈ ఐదో గడి చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. దాన్ని ఖాళీగానే చూపించండి, నింపడానికి కట్టుకథలు రాయొద్దు.

రాసే పని ఒకే మనిషికి అప్పగించండి. ఆ మనిషి వేదిక పని ఏదీ చేయకూడదు. పరదా కడుతూ, మైకు చూస్తూ రాస్తామంటే మర్నాడు గుర్తున్నవాళ్ల పేర్లే పడతాయి, గుర్తుండేది పెద్దమనుషుల పేర్లే. మీరు ఇప్పటికే కార్యక్రమం చేసేసి ఉంటే ఇప్పుడైనా ఆలస్యం కాలేదు. వీడియో తీసి ఉంటే నిదానంగా ఆపి ఆపి చూడండి. మోకు పట్టుకున్నది ఎవరు, నీళ్లు మోసినది ఎవరు, చివరిదాకా కూర్చున్నది ఎవరు. ఆ పేర్లు రాసుకుని వాళ్ల ఇళ్లకు పోయి నాలుగో గడి, ఐదో గడి వాళ్లనే అడిగి నింపండి. ఫారం పంపే గడువు వారంలో ఉంటే నిర్వాహకులకు ఫోన్ చేసి పది రోజులు ఎక్కువ అడగండి.